పరిశోధకుడి పత్రాల పట్టికను చదవడం – మూడవ పాఠం: సైటేషన్లు ఎందుకు వస్తాయి?

గత రెండు పాఠాలలో ఒక టాక్సికాలజీ (విషపదార్థాల శాస్త్రం) పరిశోధకుడి పత్రాల పట్టికను గూగుల్ స్కాలర్, స్కోపస్‌ల నుంచి తీసుకోవడం, ఒకే పేరున్న ఇద్దరి పత్రాలు కలిసిపోకుండా వేరుచేయడం చూశాము. ఈ పాఠంలో ఆ పత్రాల పక్కన ఉండే అంకెను, అంటే ఒక్కొక్క పత్రాన్ని ఇతరులు ఎన్నిసార్లు ఉల్లేఖించారో తెలిపే సైటేషన్ల సంఖ్యను, అర్థం చేసుకుందాము.

ముందుగా హెచ్-ఇండెక్స్. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ ప్రతిపాదించిన ఈ కొలతను కాగితం మీదే లెక్కకట్టవచ్చు. పత్రాలను సైటేషన్లు ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా పేర్చి, తన వరుస సంఖ్యకు తగ్గకుండా సైటేషన్లు ఉన్న చివరి పత్రం దగ్గర ఆగాలి; ఆ పత్రం వరుస సంఖ్యే హెచ్-ఇండెక్స్. అభ్యాసం కోసం ఏడు పత్రాలకు 48, 21, 9, 6, 5, 3, 0 సైటేషన్లు ఉన్నాయనుకోండి. అయిదవ పత్రానికి 5 ఉన్నాయి, ఆరవదానికి 3 మాత్రమే ఉన్నాయి కనుక హెచ్-ఇండెక్స్ 5. ఇప్పుడు 48ని 4,800గా మార్చి మళ్ళీ లెక్కించండి, జవాబు మారదు. ఒకే ఒక్క పత్రంతో తన రంగం పనిచేసే తీరునే మార్చినవారు ఈ కొలతకు ఆనరు.

అందుకే మొత్తాలను పక్కనపెట్టి పత్రాలను విడివిడిగా చూడాలి. ఉదాహరణకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ (1928–2024) పట్టికను తీసుకుందాము. ఆయన పేరుతోనే పిలిచే ఏమ్స్ పరీక్షలో, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను, ఆ ఆమ్లం అతి కొద్దిగా మాత్రమే ఉన్న ప్లేటు మీద వేసి, అనుమానమున్న రసాయనాన్ని కలుపుతారు. జన్యువులో మార్పు వచ్చి ఆ శక్తిని తిరిగి పొందినవి మాత్రమే కాలనీలుగా పెరుగుతాయి. రసాయనం కలపని ప్లేటుతో పోల్చి ఆ కాలనీలను లెక్కిస్తారు; అవి బాగా ఎక్కువగా ఉంటే ఆ రసాయనం జన్యువులను మారుస్తున్నదని అర్థం. అనేక రసాయనాలు కాలేయంలో మార్పు చెందిన తరువాతే హాని చేస్తాయి కనుక, ఎలుక కాలేయ సారాన్ని కూడా ప్లేటులో కలపడం ఏమ్స్ బృందం 1973 నాటి పత్రంలోని కీలకమైన అంశం. పరీక్ష చేసే విధానాన్ని ఆయన జాయిస్ మెక్కాన్, ఎడిత్ యమసాకిలతో కలిసి 1975లో వివరంగా ప్రచురించారు. డొరొతీ మారన్‌తో కలిసి 1983లో సవరించారు.

ఈ విధాన పత్రాలకు సైటేషన్లు విపరీతంగా వచ్చాయి. పరీక్ష చేసిన ప్రయోగశాల తన పత్రంలోని పద్ధతుల విభాగంలో వాటిని పేర్కొనడం ఆనవాయితీ. ఆ ఉల్లేఖనంలో మెచ్చుకోలూ లేదు, వాదనా లేదు; వాడుకున్నామన్న రసీదు మాత్రమే ఉంది. (ఉల్లేఖించినవారందరూ మూలపత్రాన్ని చదివారని నేను నమ్మను.)

1990లో లోయిస్ గోల్డ్ తదితరులతో కలిసి ఏమ్స్ రాసిన పత్రం సంగతి వేరు. మనిషి ఆహారంతో తీసుకునే పురుగుమందులలో 99.99 శాతం మొక్కలు ఆత్మరక్షణకు సహజంగా తయారుచేసుకునేవేనని అది వాదించింది. దానిని సమర్థించినవారూ ఉల్లేఖించారు, ఖండించినవారూ ఉల్లేఖించారు. సైటేషన్ల లెక్కలో ఇద్దరి విలువా ఒకటే.

ఇక అసలే లెక్కకు రాని ప్రభావం కూడా ఉంది. పిల్లల రాత్రి దుస్తులు త్వరగా నిప్పంటుకోకుండా అప్పట్లో వాడిన ట్రిస్ అనే రసాయనం గురించి అర్లీన్ బ్లమ్, ఏమ్స్ 1977లో హెచ్చరించారు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం ఆ దుస్తులలో దాని వాడకాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఏ పట్టికలోనూ సైటేషన్‌గా కనిపించదు. అంతేకాక ఏమ్స్ పరీక్ష ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) మార్గదర్శకం 471గా స్థిరపడిన తరువాత, ఎన్నో ప్రయోగశాలలు మూలపత్రానికి బదులు ఆ సంఖ్యను పేర్కొంటే సరిపోతున్నది. హైదరాబాద్ ఔషధ సంస్థలు తమ మందులలోని మలినాలకు ఈ పరీక్ష జరిపించినప్పుడు నివేదిక నియంత్రణ సంస్థకు సమర్పించే దస్త్రంలో చేరుతుంది. అది జర్నల్‌లో అచ్చయ్యేది కాదు కనుక ఏమ్స్ ఖాతాలో ఒక్క సైటేషన్ కూడా పెరగదు. నా దృష్టిలో పరీక్షకు దక్కిన అసలైన విజయం ఇదే.

అభ్యాసం: గూగుల్ స్కాలర్‌లో 1975, 1990 పత్రాలను ఉల్లేఖించిన పత్రాలలో చెరి పదింటిని తెరవండి. వీలైతే వేర్వేరు దశాబ్దాలవి ఎంచుకోండి. ఏమ్స్ పేరు వచ్చిన వాక్యాన్ని పూర్తిగా చదివి, అది వాడకమా, సమర్థనా, ఖండనా, లేక పీఠికలో మొక్కుబడిగా చేర్చిన ప్రస్తావనా అన్నది పక్కన రాయండి. ఎటూ తేలని వాక్యాలను బలవంతంగా ఏదో ఒక వర్గంలో చేర్చకుండా విడిగా ఉంచండి. రచయితలు తమను తామే ఉల్లేఖించుకోవడాన్ని చర్చించే నాలుగవ పాఠంలో వాటితో పని ఉంటుంది.