ఇంటి కరెంటు – 4: ప్లగ్గు పట్టినంత మాత్రాన సరిపోదు

కిందటి పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. 1,500 వాట్ల హీటరు 230 ఓల్టుల మీద ఎన్ని ఆంపియర్లు లాగుతుంది? వాట్లను ఓల్టులతో భాగిస్తే 6.5 వస్తుంది. అందుకే దాన్ని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు పాయింటులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల పెద్ద పాయింటే కావాలి. ఈ లెక్క మీకు తేలిగ్గా వచ్చిందంటే ఇవాళ్టి పాఠంలో సగం వచ్చేసినట్టే. రానివాళ్లు ఒక్కసారి వెనక్కి వెళ్లి రెండో పాఠం చదివి రండి. ఇక్కడినుంచి అన్నీ దానిమీదే నడుస్తాయి.

ఒక మాట ముందే అనుకుందాం. మనం కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు బిల్లు అంటూ అన్నిటికీ ఒకే మాట వాడతాం. మాట్లాడుకోవడానికి అది చాలు. లెక్క వేసేటప్పుడు మాత్రం రెండూ విడివిడిగా ఉండాలి: తీగలో ఎంత ఒత్తిడి ఉందో ఓల్టులు చెబుతాయి, తీగలో ఎంత పారుతోందో ఆంపియర్లు చెబుతాయి. ఈ పాఠంలో ఆ రెండో దాన్ని ఆంపియర్లు అనే అంటాను.

ఒక హెయిర్ డ్రయరు కథ

కొన్నేళ్ల కింద అమెరికానుంచి వచ్చిన చుట్టాలమ్మాయి తన హెయిర్ డ్రయరు తెచ్చుకుంది. రెండు బల్లపరుపు పిన్నుల ప్లగ్గు. మా సాకెట్టులో పట్టదు. సొరుగులో ఉన్న ప్రయాణపు అడాప్టరు తీసి నేనే తగిలించి ఇచ్చాను. స్విచ్చి వెయ్యగానే అది మామూలు హోరు కాకుండా కీచుమని అరిచింది. మూతిలోంచి చూస్తే లోపలి తీగచుట్ట నారింజ రంగులో మండుతోంది. నాలుగైదు సెకన్లలో ప్లాస్టిక్కు కాలిన కమురు వాసన. పీకేశాను. మళ్లీ అది పనిచెయ్యలేదు. ఆ అమ్మాయి చెయ్యి కాలనందుకు ఇప్పటికీ ఊపిరి పీల్చుకుంటాను.

ఏం జరిగిందో లెక్కలో చూద్దాం. దాని పిడిమీద 120 ఓల్టులు, 1,200 వాట్లు అని ఉంది. అంటే దాని సొంత దేశంలో 10 ఆంపియర్లు. 120ని 10తో భాగిస్తే తీగచుట్ట నిరోధం, అంటే పారేదాన్ని అది అడ్డుకునే మోతాదు, 12 ఓములు. తీగచుట్ట అదే, నిరోధమూ దాదాపు అంతే. ఓల్టులు మాత్రం 230 అయ్యాయి. 230ని 12తో భాగిస్తే 19 ఆంపియర్లు దాటింది. 19 ఆంపియర్లు, 230 ఓల్టులు కలిస్తే సుమారు 4,400 వాట్లు. 1,200కి తయారైన వస్తువులోకి 4,400 వెళ్లాయి. ఓల్టులు రెట్టింపు అయితే వాట్లు రెట్టింపు కావు, నాలుగు రెట్లవుతాయి. ఎందుకంటే ఒత్తిడీ పెరుగుతుంది, దాంతోపాటు పారేదీ పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో నాటుకుంటే మిగతా పాఠం మర్చిపోయినా ఫరవాలేదు.

మరి ఎంసీబీ (ఎక్కువ ఆంపియర్లు లాగితే తనంతట పడిపోయే స్విచ్చి) ఎందుకు పడలేదని మీకు అనుమానం రావాలి, నాకూ వచ్చింది. ఆ పాయింటుకి ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. 19 దానికి కొంచెం ఎక్కువంతే. ఎంసీబీ అలాంటి చిన్న మోతాదుని చాలాసేపు ఓర్చుకుంటుంది, వెంటనే పడేది షార్టు సర్క్యూట్ అయినప్పుడు. అది గోడలో తీగల్ని కాపాడటానికి పెట్టింది. మీ చేతిలో వస్తువుకి దాని కాపుదల ఉండదు.

తిరగేసి చూడండి. 230 ఓల్టుల 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెని 120 ఓల్టుల దేశానికి తీసుకెళ్తే? నిరోధం సుమారు 53 ఓములు. 120 ఓల్టుల మీద అది 272 వాట్లే ఇస్తుంది. కాలదు, చెడదు, వెచ్చగా ఉంటుంది, బట్టల ముడతలు మాత్రం పోవు. ఇస్త్రీపెట్టెకి ఇలా గడిచిపోతుంది. ఫ్రిజ్జు కంప్రెసరుకి గడవదు. ఒత్తిడి చాలక మోటారు తిరగలేక మొరాయించి, ఆగినచోటే వేడెక్కి కాలిపోగలదు.

ఇన్ని రకాలు ఎందుకొచ్చాయి

1882లో ఎడిసన్ న్యూయార్కులో పర్ల్ స్ట్రీట్ దగ్గర విద్యుత్ కేంద్రం పెట్టినప్పుడు ఆయన ఇచ్చింది ఒకే దిక్కున పారే డైరెక్టు కరెంటు, సుమారు 110 ఓల్టులు. అప్పటి కార్బన్ తీగ బల్బులకి ఆ మోతాదు కుదిరింది. తర్వాత దిక్కు మార్చుకుంటూ ఊగే ఆల్టర్నేటింగ్ కరెంటు గెలిచినా, ఇళ్లలో అప్పటికే ఆ బల్బులున్నాయి కాబట్టి అమెరికాలో ఆ అంకె చుట్టుపక్కలే ఉండిపోయింది. ఇవాళ అక్కడ 120. యూరప్ దారి వేరు. 1899 ప్రాంతంలో బెర్లిన్ నగరపు విద్యుత్ సంస్థ ఒక లెక్క వేసుకుంది: ఓల్టులు రెట్టింపు చేస్తే అవే వాట్లకి ఆంపియర్లు సగమవుతాయి, తీగల్లో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది. 220కి మారిపోయారు. ఈ పద్ధతే యూరపంతా పాకింది. ఈనాటి 230 అక్కడినుంచి వచ్చిందే. ఆ తీగల లెక్క మీరు రెండో పాఠంలో చేసినదే.

ఒకసారి ఇళ్లల్లో వస్తువులు చేరాక ఈ అంకె మార్చడం మహా కష్టం. దక్షిణ కొరియా 110 నుంచి 220కి మారే పని 1973లో మొదలుపెట్టి 2005కి గానీ ముగించలేకపోయింది. ముప్పై రెండేళ్లు!

జపాను సంగతి ఇంకా లోతైనది. అక్కడ 100 ఓల్టులు, ప్రపంచంలో ఇళ్లకిచ్చేవాటిలో బాగా తక్కువ. దాన్ని మించిన విశేషం హెర్ట్జ్‌లది. ఆల్టర్నేటింగ్ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుందో చెప్పేది హెర్ట్జ్. టోక్యో వాళ్లు 1890ల్లో జర్మనీ జనరేటర్లు కొన్నారు, అవి 50 హెర్ట్జ్. ఒసాకా వాళ్లు అమెరికావి కొన్నారు, అవి 60. ఆనాడు ఆ రెండు ఊళ్ల తీగలు ఎప్పటికైనా కలుస్తాయని ఎవరూ అనుకోలేదు. ఇప్పటికీ దేశం తూర్పు సగం 50, పడమటి సగం 60. 2011లో తూర్పున భూకంపం, సునామీ వచ్చి విద్యుత్ కేంద్రాలు ఆగిపోతే, పడమట ఉన్న కరెంటుని అటు పంపడానికి మధ్యలో హెర్ట్జ్ మార్చే కేంద్రాల గుండానే వెళ్లాలి. వాటి శక్తి కొద్దిదే. నూరేళ్ల కిందటి కొనుగోలు ఆ రోజు అడ్డం పడింది.

హెర్ట్జ్ తేడా మనకి ఎంతవరకు తగులుతుంది? చార్జర్లకి, బల్బులకి, ఇస్త్రీపెట్టెలకి పట్టింపు లేదు. హెర్ట్జ్‌ని లెక్కపెట్టుకుంటూ తిరిగే పాత గోడ గడియారాల మోటార్లకి ఉంది: 60కి చేసిన గడియారం 50 మీద గంటకి 50 నిమిషాలే నడుస్తుంది. ఫ్యాన్లు, పంపుల వేగమూ మారుతుంది.

పిన్నులు

మొదట్లో ఇళ్లకి తీగలు లాగింది దీపాల కోసమే. గోడకి సాకెట్టు అనేదే లేదు. ఏ వస్తువైనా తెస్తే బల్బు తీసి ఆ హోల్డరులో మర తిప్పినట్టు తిప్పి బిగించేవారు. 1904లో అమెరికాలో హార్వే హబ్బెల్ విడదీసే ప్లగ్గుకి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ఎవరి దేశంలో వారు, ఎవరి ఫ్యాక్టరీలో వారు తమకి తోచినట్టు చేసుకుంటూ పోయారు. 1986లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ అందరికీ ఒకే ప్లగ్గు ప్రతిపాదిస్తే, బ్రెజిల్, దక్షిణాఫ్రికా తప్ప పెద్దగా ఎవరూ తీసుకోలేదు. ఆ బ్రెజిల్లోనూ ఒక్కో ఊళ్లో 127, మరో ఊళ్లో 220 ఓల్టులు. సాకెట్టు చూసి అందులో ఎన్ని ఓల్టులో చెప్పలేరు.

ఇప్పుడు వాటికి ఇంగ్లిషు అక్షరాలతో పేర్లున్నాయి. ఎ, బి అమెరికావి, బల్లపరుపు పిన్నులు. బికి ఎర్తు ఉంటుంది, ఎకి ఉండదు. సి యూరప్ రెండు గుండ్రటి పిన్నులది. దీన్ని ఫోను కేబులు టైప్ సి అనుకుని తికమక పడేవాళ్లని చూశాను, ఆ రెండిటికీ ఏ సంబంధమూ లేదు. డి, ఎం భారతదేశంలోవి, మూడు గుండ్రటి పిన్నులు, చిన్నదీ పెద్దదీ. నిజానికి అవి బ్రిటన్ పాత ప్లగ్గులే. బ్రిటన్ వదిలేసింది, భారతదేశం ఉంచుకుంది. ఎఫ్ జర్మనీది: ఎర్తు పిన్ను ఉండదు, పక్కల రెండు లోహపు పట్టీలు ఆ పని చేస్తాయి. ఇ ఫ్రాన్సుది, అక్కడ ఎర్తు పిన్ను సాకెట్టులోంచే బయటికి పొడుచుకొస్తుంది. ఐ ఆస్ట్రేలియాది, ఏటవాలు పిన్నులు.

బ్రిటన్ ఇప్పటి ప్లగ్గు, అంటే జి, దగ్గర కాస్త ఆగుదాం. ప్లగ్గుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. 1947 నాటి ప్రమాణం. యుద్ధం తర్వాత రాగి పొదుపుకోసం అక్కడ ఒకే తీగని ఇంటిచుట్టూ వలయంగా తిప్పి సాకెట్లన్నీ దానిమీదే పెట్టారు. ఆ వలయానికి ఫ్యూజు 30 ఆంపియర్లది. మరి దీపానికున్న సన్నటి తీగని అంత పెద్ద ఫ్యూజు ఏం కాపాడుతుంది? అందుకే ప్లగ్గు లోపలే చిన్న ఫ్యూజు పెట్టారు, 3 ఆంపియర్లో 13 ఆంపియర్లో. పైనున్న ఎర్తు పిన్ను మిగతా రెండిటికన్నా పొడవు. అది ముందు దూరి లోపలి తలుపుల్ని తెరిస్తేనే మిగతా రెండూ దూరుతాయి. పిల్లలు పుల్ల పెట్టినా ఫేజు తగలదు.

ఆ తలుపుల్ని తెరవడానికి ఎర్తు రంధ్రంలో పెన్ను దూర్చి రెండు పిన్నుల ప్లగ్గు కుక్కేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. కాపుదలగా పెట్టినదాన్ని మనమే ఓడిస్తున్నాం. ఆ రెండు పిన్నులు అందులో గట్టిగా పట్టవు కూడా.

గట్టిగా పట్టడం అనేది చాలా పెద్ద విషయం. సి ప్లగ్గు పిన్ను మందం 4 మిల్లీమీటర్లు. డి సాకెట్టు తీసుకునే పిన్ను సుమారు 5 మిల్లీమీటర్లు. రెండు పిన్నుల మధ్య దూరం రెంటిలోనూ 19 మిల్లీమీటర్లే కాబట్టి చక్కగా దూరిపోతుంది, పట్టినట్టే అనిపిస్తుంది. ఒకసారి ఆ ప్లగ్గుని వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. ఊగుతుంది. లోపల లోహం లోహాన్ని ఒక గీతంత మేరే తాకుతోంది. ఆ సన్నటి చోట వేడి పుడుతుంది, చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి. కొన్నాళ్లకి పిన్ను కొనమీద మసి గుర్తు కనిపిస్తుంది. ఫోను చార్జరుకి లాగేది తక్కువ కాబట్టి గడిచిపోతుంది. అలాగని హీటరు పెడితే సాకెట్టు కరిగిపోతుంది.

లేబులు చదవడం

ఇప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు ఒకటి చేతిలోకి తీసుకోండి. వెనక సన్నక్షరాలుంటాయి, వెలుతురులో పెట్టి చూడండి. ఇన్‌పుట్ అని రాసిన వరుసే మనకి కావలసింది. అక్కడ 100–240 అని ఉండి పక్కన పాము మెలికలాంటి చిన్న గీత, తర్వాత 50/60 హెర్ట్జ్ అని ఉంటే, అది ఏ దేశపు ఇంటి కరెంటుకైనా సరిపోతుంది. ఆ మెలిక గీత ఆల్టర్నేటింగ్ కరెంటు గుర్తు. అవుట్‌పుట్ వరుసలో తెగని అడ్డగీత, దాని కింద తెగిన గీత ఉంటాయి, అది డైరెక్టు కరెంటుకి గుర్తు. చతురస్రంలో చతురస్రం కనిపిస్తే లోపల రెండు పొరల ఇన్సులేషను ఉందని, ఎర్తు అక్కర్లేదని అర్థం.

చార్జరు 100కీ 240కీ ఒకేలా ఎలా ఓర్చుకుంటుంది? వచ్చినదాన్ని ముందు డైరెక్టు కరెంటుగా మార్చి, సెకనుకి పదివేల సార్లకి పైగా ముక్కలు చేసి, అవుట్‌పుట్ ఎంత కావాలో అంతే వెళ్లేలా ముక్కల నిడివి తనే సర్దుకుంటుంది. తీగచుట్టకి ఆ తెలివి లేదు, ఎంత ఇస్తే అంత తాగుతుంది.

220–240 అని మాత్రమే ఉంటే 100, 120 ఓల్టుల దేశాలకి తీసుకెళ్లకండి. 120 అని మాత్రమే ఉంటే 230లో పెట్టనే పెట్టకండి. కొన్ని పాత వస్తువులకి 110, 220 మధ్య జరిపే బుల్లి స్విచ్చి ఉంటుంది, దాన్ని ప్లగ్గు పెట్టకముందే జరపాలి.

అడాప్టరు అనే మాట దగ్గర జాగ్రత్త. మనం చార్జరునీ అడాప్టరు అంటాం. ప్రయాణాల్లో పెట్టుకునే అడాప్టరు పిన్నుల ఆకారం మారుస్తుంది, ఓల్టులు ఉన్నవి ఉన్నట్టే దాటిపోతాయి. నేను హెయిర్ డ్రయరుకి తగిలించింది అదే. ఓల్టులు మార్చేది ట్రాన్స్‌ఫార్మరు. దానిమీద ఎన్ని వీఏ (ఓల్ట్-ఆంపియర్లు, అంటే అది మోయగలిగినంత) అని ఉంటుందో, మీ వస్తువు వాట్లు దానికన్నా బాగా తక్కువ ఉండాలి. వెయ్యి వాట్లకి పైబడిన ట్రాన్స్‌ఫార్మరు కిలోలకి కిలోలు బరువుంటుంది. హెయిర్ డ్రయరు కోసం దాన్ని మోసుకెళ్లడంకన్నా అక్కడే ఇంకోటి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకో చిన్న సంగతి. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జరుని ఎర్తు లేని అడాప్టరులో పెడితే, ల్యాప్‌టాప్ లోహపు మూతమీద చెయ్యి ఆనించినప్పుడు చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. చార్జరు లోపల వడపోతకి పెట్టిన కెపాసిటర్లనుంచి కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాలి. దారి లేక అది మీ చేతిమీదుగా పోతోంది. ఎర్తున్న అడాప్టరు మార్చండి, ఆగిపోతుంది.

ఇంటిపని

ఒకటి: 230 ఓల్టులు, 2,000 వాట్లు అని రాసున్న నీళ్ల కెటిల్‌ని జపానులో 100 ఓల్టుల మీద పెడితే ఎన్ని వాట్లు ఇస్తుంది? ముందు నిరోధం కనుక్కోండి.

రెండు: 120 ఓల్టులు, 60 హెర్ట్జ్ టేబుల్ ఫ్యానుని సరైన ట్రాన్స్‌ఫార్మరుతో 230 ఓల్టులు, 50 హెర్ట్జ్ ఇంట్లో నడిపితే వేగం ఎటు మారుతుంది? ట్రాన్స్‌ఫార్మరు ఏది మార్చగలదో, ఏది మార్చలేదో ఆలోచించి రాయండి.

మూడు: మీ ఇంట్లో ఐదు వస్తువుల లేబుళ్లు చదివి ఇన్‌పుట్ వరుస నోట్సులో రాసుకోండి, వాటిలో చతురస్రం గుర్తున్నవి ఏవో గీత గీసి పెట్టండి. ఐదో పాఠం ఎర్తు గురించి, ఆ జాబితా దగ్గర పెట్టుకునే మొదలుపెడదాం.