వాక్కాయలతో బ్లాక్ ఫారెస్ట్ కేక్, ఇంట్లోనే

ఒంగోలైనా కావలైనా బర్త్‌డే అంటే బేకరీలో ముందు అడిగేది బ్లాక్ ఫారెస్టే, కానీ తింటే తీపి తప్ప ఇంకేం తెలీదు. పైన ఎర్రగా మెరిసే చెర్రీ ఉంటది చూడండి, చాలాసార్లు అది చెర్రీనే కాదు, మనం పప్పులో వేసుకునే వాక్కాయకి గింజ తీసి రంగేసి పాకంలో ఊరబెట్టింది.

అసలు కేకు జర్మనీది. 1915లో బాడ్ గోడెస్‌బెర్గ్‌లో నేనే కనిపెట్టానని యోసెఫ్ కెల్లర్ అనే ఆయన చెప్పుకున్నాడు, కాదు 1930లో ట్యూబింగెన్‌లో ఎర్విన్ హిల్డెన్‌బ్రాండ్ చేసిందే మొదటిదని ఇంకొందరంటారు. తమాషా ఏందంటే ఆ రెండూళ్ళూ కేకు పేరులో ఉన్న బ్లాక్ ఫారెస్ట్ అనే జర్మనీ అడవిలో లేవు. ఆ అడవి వైపు చెర్రీలతో కాచే కిర్ష్‌వాసర్ అనే సారాయి పడుద్ది దీంట్లో, అక్కడి రూల్ ప్రకారం దాని రుచి నాలిక్కి తెలియాల్సిందే. పుల్ల చెర్రీ, చేదు చాక్లెట్, చప్పటి క్రీమ్, ఈ మూడూ తగిలితేనే మజా.

సారాయి వదిలేద్దాం, పులుపు మాత్రం వాక్కాయతోనే తెద్దాం, వానాకాలంలో బజార్లో దొరుకుతాయి కదా. పావు కేజీ కాయల్ని చీల్చి గింజలు తీసేయండి, పాలు కారి చేతులు జిగటవుతాయి, ముందే నూనె రాసుకోండి. వంద గ్రాముల చక్కెర, గ్లాసు నీళ్ళు పోసి పది నిమిషాలు ఉడికిస్తే రసం దానంతటదే ఎర్రబడుద్ది. కొంచెం రసం పక్కన పెట్టి, మిగతా దాంట్లో స్పూను కార్న్‌ఫ్లోర్ నీళ్ళల్లో కలిపి పోసి చిక్కబరచండి.

స్పాంజికి 4 గుడ్లు, 120 గ్రాముల చక్కెర బాగా గిలక్కొట్టాలి, బీటర్ ఎత్తితే జారిన పిండి గీత కాసేపు పైనే నిలవాలి, తొందరపడితే కేకు అట్టలాగా వస్తది. 90 గ్రాముల మైదా, 30 గ్రాముల కోకో జల్లించి మెల్లగా కలిపి 180 డిగ్రీల్లో అరగంట. పూర్తిగా ఆరాక మూడు పొరలుగా కోసి, తీసిపెట్టిన రసం చల్లండి.

క్రీమే అసలు గండం, వేడికి కరిగిపోద్ది. గిన్నె, బీటర్ బ్లేడ్లు కూడా ఫ్రీజర్లో పెట్టి తెల్లవారుజామున కొట్టండి. నేనొకసారి మే నెల మధ్యాహ్నం మొదలుపెట్టా, సగంలో కరెంట్ పోయింది, పై పొర జారిపోయి పళ్ళెంలో పడింది. పొరపొరకీ క్రీమ్, వాక్కాయలు పరిచి, పైన చాక్లెట్ బార్‌ని తొక్క తీసే పీలర్‌తో గీరండి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

మా అమ్మైతే క్రీమంతా పక్కకి నెట్టి వాక్కాయలు ఏరుకొని తినింది.