చిన్న ఫ్లాట్‌లో ముందు కొలవాల్సింది ఖాళీని

చిన్న ఫ్లాట్ ఇరుగ్గా అనిపిస్తే చాలాసార్లు తప్పు గదిది కాదు, సామాను దారికి అడ్డు రావడమే. కాబట్టి ఏ సోఫా కొనాలన్న ఆలోచన కంటే ముందు కొలత టేపు తీయండి. గోడల పొడవుతో పాటు తలుపులు ఎటు తెరుచుకుంటాయో, కిటికీ గట్టు ఎంత ఎత్తులో ఉందో, స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయో రాసుకోండి. లిఫ్టు, గుమ్మం వెడల్పు కూడా కొలవండి. గదిలో సరిపోయే సోఫా గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు.

తర్వాత మాస్కింగ్ టేపుతో ప్రతి వస్తువునూ నేల మీద అసలు సైజులో గీసి, రెండు రోజులు ఆ గీతలు తొక్కకుండా తిరగండి. ఈ పని మాత్రం దయచేసి మానొద్దు. నడిచే దారి 30 నుంచి 36 అంగుళాలు ఉండాలి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 16 నుంచి 18 చాలు. డైనింగ్ టేబుల్ అంచు నుంచి వెనక గోడకు కనీసం 30 లేకపోతే కుర్చీ జరిపి లేవలేరు.

ఎక్కువ మంది పొరబడేది వార్డ్‌రోబ్ దగ్గర. మామూలు తలుపులైతే లోతు 24 అంగుళాలు. మంచానికీ దానికీ మధ్య తలుపు రెక్క తెరుచుకునే చోటు, మనిషి నిలబడే చోటు రెండూ కావాలి. అంత లేకపోతే పక్కకు జరిగే స్లైడింగ్ తలుపులు పెట్టించండి. అయితే దాని ట్రాకే 3, 4 అంగుళాలు తినేస్తుంది. మొత్తం లోతు 26, 27కి పెంచకపోతే హ్యాంగర్‌కు వేలాడే చొక్కా భుజం తలుపుకు రాసుకుంటూ నలుగుతుంది. తేమ ఎక్కే బయటి గోడకైతే వార్డ్‌రోబ్‌ను ఆనించకుండా అంగుళం ఖాళీ వదలండి, లేకుంటే వెనక పలకకు బూజు పడుతుంది.

రంగుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: గోడలకూ కర్టెన్లకూ దగ్గరి లేత రంగులు చాలు. కర్టెన్ రాడ్‌ను కిటికీకి 6 అంగుళాల పైన, రెండు వైపులా అంతే బయటికి బిగిస్తే కర్టెన్ పక్కకు లాగినప్పుడు అద్దం మొత్తం తెరుచుకుని వెలుతురు వస్తుంది.

మధ్యలో ఒక్క లైటు పెడితే మూలలు చీకటిగా మిగిలి గది ఇంకా చిన్నగా కనిపిస్తుంది. హాల్లో, పడకగదిలో 2700 నుంచి 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) లైట్లు మూడు చోట్ల పంచండి. వంటగట్టుకు ఇంకాస్త తెల్లటి 4000 కెల్విన్ బాగుంటుంది. గట్టు పైనున్న అలమర అడుగున ఎల్ఈడీ స్ట్రిప్‌ను ముందు అంచుకు వేయించండి. గోడ వైపు వేస్తే కూరగాయలు తరిగే చోట వెలుగు చాలదు. దానికి డిఫ్యూజర్ (వెలుగును సమంగా పరిచే మూత) ఉన్న అల్యూమినియం ప్రొఫైల్, అంటే స్ట్రిప్‌ను అమర్చే సన్నని గాడి, తప్పనిసరి, లేకపోతే నున్నటి గట్టు మీద చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. ఈ వైరింగ్ అంతా చెక్క పని మొదలవకముందే పూర్తి చేయించండి.