నలుగురితో కూర్చుని సైకిల్ చక్రం అల్లడం

మొదటిసారి వెనక చక్రం జోలికి పోకండి. గేర్ల సైకిల్‌కి అక్కడ గేర్లవైపు స్పోకులు ఎడమవైపు వాటికంటే బాగా బిగువుగా ఉండాలి, ఆ తేడా మొదటిరోజే పట్టుబడదు. మన పాత నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు ఉండేవి కదా, ఆ 32 రంధ్రాల హబ్బు (చక్రం నడుమ ఇరుసు ఉండే భాగం), రిమ్ము (టైరు ఎక్కే బయటి వలయం) దొరికితే నేర్చుకోవడానికి చాలు.

గుంపుగా నేర్చుకోవడంలో అసలు లాభం ఏంటంటే, మీ కంటికి ఆనని తప్పు పక్కవాళ్లకు ఇట్టే కనిపిస్తుంది. అందుకే ఒక వరస, అంటే 8 స్పోకులు, అయ్యాక అందరూ ఆగి, చక్రాలు మార్చుకుని చూసుకోండి. మా ఆదివారం క్లాసులో నేను ఆగకుండా వెళ్లిపోయాను, ఒక స్పోకు పక్క రంధ్రంలో పడింది, 20 ఎక్కించాక గానీ తెలియలేదు, అన్నీ విప్పాల్సి వచ్చింది.

వరసకు 8 చొప్పున నాలుగు వరసలు. హబ్బు కుడి అంచులో ఒక రంధ్రం విడిచి ఒక రంధ్రంలో స్పోకుల్ని బయటినుంచి లోపలికి దూర్చండి. మొదటిది రిమ్ములో వాల్వు రంధ్రం పక్కదాంట్లోకి, అక్కణ్ణించి ప్రతి నాలుగోదాంట్లోకి. రిమ్ము రంధ్రాలు కాస్త కుడికీ ఎడమకీ జరిగి ఉంటాయి, కుడి స్పోకు కుడివైపుదాంట్లోకే పోవాలి. ఎడమవైపూ అంతే. నిపుల్స్ (స్పోకు కొసను రిమ్ముకు పట్టి ఉంచే చిన్న నట్లు) రెండు మూడు చుట్లు చాలు. ఇప్పుడు హబ్బు తిప్పితే స్పోకులు ఏటవాలుగా వస్తాయి. మిగతా రెండు వరసలు లోపలినుంచి బయటికి వచ్చి ఎదురు దిశలో పోతాయి, ఒక్కోటీ తన వైపున మూడు స్పోకుల్ని దాటాలి: రెండింటి మీదుగా, మూడోదాని కిందుగా. అక్కడ స్పోకు కొంచెం వంగుతుంది, ఫర్వాలేదు. చివరికి వాల్వు దగ్గర పంపు పెట్టేంత ఖాళీ కనిపించాలి.

బిగించేటప్పుడు తొందర వద్దు. ముందు స్పోకుల కొసల మరలన్నీ నిపుల్‌లోకి ఒకేలా మునిగేదాకా, తర్వాత అన్నిటికీ అరచుట్టు చొప్పున. టైరు వైపునుంచి చూస్తే గడియారం తిరిగే దిశలో బిగుస్తుంది, హబ్బు వైపునుంచి తిరగబడి కనిపిస్తుంది, చాలామంది తికమకపడేది ఇక్కడే. రిమ్ము ఎడమకు వెళ్తే అక్కడి కుడి స్పోకుల్ని పావుచుట్టు బిగించి, ఎడమవాటిని అంతే వదులు చేయండి. మధ్యమధ్యలో పక్కపక్క స్పోకుల్ని జతలుగా చేత్తో గట్టిగా నొక్కండి, చక్రం సర్దుకుంటుంది, రిమ్ము పక్కకు వంగిందేమో మళ్లీ చూడండి. స్పోకుల బిగువు సమంగా ఉందో లేదో వేలితో మీటితే తెలుస్తుంది, ఒకే వైపువి దాదాపు ఒకేలా మోగాలి.

టైరు ఎక్కించేముందు నిపుల్ దాటి పొడుచుకొచ్చిన మొనలుంటే ఆకురాయితో అరగదీసి రిమ్ టేపు (నిపుల్స్‌ని కప్పే పట్టీ) వేయండి, లేదంటే ట్యూబు పంక్చరే.