గరిక చదువుకి హాంకాంగ్ వెళ్లేముందు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆటస్థలాల్లో గడ్డి పని చేస్తున్నవాళ్లకీ, అగ్రికల్చర్ డిప్లొమా అయ్యాక ఈ పని మీద మనసు పడ్డవాళ్లకీ ఇది. మన జిల్లాల్లో గుర్రప్పందేల రేసుకోర్సు లేదు. రేసు ట్రాక్ గడ్డి చూసే కొలువు కావాలంటే కోల్‌కతా, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, పుణె దారి పట్టాల్సిందే. పది రోజులు విదేశీ ట్రాక్ చూసొస్తే ఆ కొలువుకి అక్కరకొస్తుంది. అయితే ఇక్కడ మీ నేలని కొలిచి వెళ్లినప్పుడే. ఉత్త చేతులతో వెళ్తే ఫొటోలు మిగులుతాయి.

రేసు గడ్డి అనగానే ఇంగ్లండు గుర్తొస్తుంది చాలామందికి. అక్కడిది ఎక్కువగా రై గ్రాస్, మన ఎండలకి ఏప్రిల్ దాటదు. వేడి ప్రాంతాల ట్రాకుల మీద పెరిగేది మన పొలంగట్టు గరికే, కాస్త చదువుకున్న గరిక. అలాంటి రకమే టిఫ్టన్ 419, అంటే మామూలు గరికకీ ఆఫ్రికా గరిక జాతి ఒకదానికీ పుట్టిన సంకరం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ ఊళ్లో తయారై 1960లో బయటికొచ్చింది. విత్తనం కట్టదు, కణుపులు నాటి పెంచాలి. కాబట్టి గరిక ఉన్న చోటికే వెళ్లండి.

మా ఓటు హాంకాంగ్‌కి. బరంపురం 19 డిగ్రీల అక్షాంశం మీదుంటే అది 22 మీద ఉంది. అక్కడా కుంభవృష్టి, అక్కడా తుఫాన్లు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసినవాళ్లకి వాళ్ల కష్టం వేరే చెప్పక్కర్లేదు. హ్యాపీ వ్యాలీ, షాటిన్ రేసుకోర్సులు రెండూ ఒకే నగరంలో ఉండటం ఇంకో సౌకర్యం. పాత జాబితాల్లో సింగపూర్, మకావు కనిపిస్తాయి, కొట్టేయండి. మకావులో 2024 మార్చిలో, సింగపూర్ క్రాంజీలో 2024 అక్టోబరులో ఆఖరి రేసులు అయిపోయాయి. ఆస్ట్రేలియా అయితే బ్రిస్బేన్ మనకి దగ్గరి వాతావరణం. కానీ కాలాలు తలకిందులు, మన జూన్, జులై వాళ్లకి చలికాలం. గడ్డి పెరిగే తీరు చూడాలంటే అక్టోబరు నుంచి మార్చి లోపు వెళ్లాలి.

ముందు మీ నేల సంగతి

రెండు నెలలు మీ స్కూలు మైదానమో, క్రికెట్ గ్రౌండో, ఏదో ఒకటి పట్టుకుని కొలవండి. మొదటి పనిముట్టు పెనెట్రోమీటర్. నేల ఎంత మెత్తనో చెప్పే కడ్డీ అది. కిలో బరువుని మీటరు ఎత్తు నుంచి ఓ కడ్డీ మీద జారవిడిస్తే, కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. దిగినకొద్దీ నేల మెత్తన. కంపెనీ సరుకు కొనక్కర్లేదు, లేత్ షాపులో చేయించుకోవచ్చు.

కడ్డీ కొన వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు ఉండాలి, అంటే వ్యాసం 11.3 మి.మీ. బజార్లో దొరికేవి 10, 12 మి.మీ. కడ్డీలు. పన్నెండుది కొని కింది 30 సెంటీమీటర్లని 11.3కి తరిగించండి. తరగకుండా వాడితే వైశాల్యం 13 శాతం ఎక్కువై, నేల నిజంగా ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. ఆ కింది ముక్క మీద 5 మి.మీ.కో గీత గీయించండి. దానిపైన ఓ కాలర్ (బరువు వచ్చి కొట్టే మందపాటి రింగు) బిగించి, కాలర్ పైన బరువు జారే సన్నకడ్డీ పెట్టించండి. చాలామంది తప్పేది ఇక్కడే: కాలర్ నుంచి పైకడ్డీ చివరికి మీటరు కొలుస్తారు. మీటరు ఉండాల్సింది కాలర్‌కీ, పైకెత్తిన బరువు అడుగుకీ మధ్య. బరువు దిమ్మె 6 సెంటీమీటర్ల పొడవుంటే పైకడ్డీ 106 ఉండాలి. దిమ్మెకి రంధ్రం తొలిచాక కిరాణా కొట్టు కాటా మీద తూచి సరిగ్గా కిలోకి తెప్పించండి.

వాడేటప్పుడు కడ్డీ నిటారుగా పట్టుకుని, ఒకేచోట మూడుసార్లు వదిలి, మూడో దెబ్బ తర్వాత లోతు రాసుకోండి. ప్రతి చోటా అదే మనిషి, అదే పద్ధతి. ఇంట్లో చేయించిన కడ్డీ అంకెని హాంకాంగ్ అంకె పక్కన పెట్టి పోల్చకండి, మీ నిన్నటి అంకెతోనే పోల్చండి. ఒకే నేల మీద వాన ముందు, వాన తర్వాత, గంట, ఆరు గంటలు, ఇరవై నాలుగు గంటలకి రీడింగు తీస్తే నీరు ఇంకే వేగం దానంతటదే తెలుస్తుంది.

రెండోది మట్టి. వెడల్పు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బుపొడి కలిపి ఐదు నిమిషాలు కుదపండి. నిమిషంలో అడుక్కి దిగేది ఇసుక, రెండు గంటల్లో దానిమీద చేరేది ఒండ్రు, ఒకటి రెండు రోజులకి తేరేది బంక. ఒక్కో పొర మందం స్కేలుతో కొలిచి రాసుకోండి.

మూడోది నీళ్లు. నిలువు గోడల డబ్బాలు, అన్నీ ఒకే సైజువి, ఇరవై తెచ్చి స్ప్రింక్లర్ కింద సమ దూరాల్లో పెట్టండి. పైకి వెడల్పయ్యే కప్పులు పనికిరావు, లోతు లెక్క తప్పుతుంది. అరగంట నడిపి ఒక్కోదాంట్లో ఎన్ని మి.మీ. పడ్డాయో చూడండి. అతి తక్కువ పడ్డ ఐదు డబ్బాల సగటుని మొత్తం సగటుతో భాగించి నూటితో గుణించండి. 70 దాటితే ఫరవాలేదు. 60 దిగితే నాజిల్ అరిగిందో, ప్రెషర్ చాలదో, గాలికి కొట్టుకుపోతోందో వెతకాలి. రేసు ట్రాక్ మీద ఈ తేడా ప్రాణాంతకం. లోపలి అంచు గట్టిగా, బయటి అంచు మెత్తగా ఉంటే మలుపులో గుర్రం కాలు తడబడుతుంది.

నీళ్ల లెక్క ఒకసారి చేతికి తగలాలి. చదరపు మీటరుకి 1 మి.మీ. అంటే లీటరు. 2,000 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ట్రాక్ 5 హెక్టార్లు. దానికి 5 మి.మీ. తడి పెట్టాలంటే 2.5 లక్షల లీటర్లు, పది వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై అయిదు. తడి పెట్టిన సాయంత్రమే వాన కురిస్తే అంతా బురద. అందుకే ట్రాక్ మేనేజర్ గడ్డిని చూసినంతసేపూ మబ్బునీ చూస్తాడు.

విదేశం కన్నా ముందు మన దేశంలో ఒక ట్రాక్ చూడండి. బరంపురం నుంచి ఫలక్‌నుమా ఎక్కితే ఇటు హౌరా, అటు సికింద్రాబాద్. కోల్‌కతాలోనూ హైదరాబాద్‌లోనూ వానాకాలం రేసులుంటాయి. పుణెలో సీజన్ జులై నుంచి అక్టోబరు దాకా. తడినేల మీద రేసు ఎలా నడుపుతారో చూసి వెళ్తే అక్కడ అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

కాగితాలు

మన దగ్గర ఎక్కువ ఇబ్బంది పేరుతోనే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఒడియా మీడియం మార్కుల లిస్టులో వెనక, రేషన్ కార్డులో అసలే ఉండదు. పాస్‌పోర్టుకి పెట్టేముందే అన్నీ ఒక తీరుకి తెచ్చుకోండి. ఒడియాలో ఉన్న సర్టిఫికెట్లకి ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ వేయించండి. హాంకాంగ్‌కి 14 రోజుల లోపు వెళ్లే భారతీయులు ముందుగా ఆన్‌లైన్‌లో ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. పాస్‌పోర్టుకి ఆరు నెలలు తక్కువ కాకుండా గడువుండాలి. ఆస్ట్రేలియాకి విజిటర్ వీసా సబ్‌క్లాస్ 600, ట్రైనింగ్‌కి పిలిచేవాళ్లు స్పాన్సర్ చేస్తే 407. విజిటర్‌గా వెళ్లి పార పట్టకండి. జీతం లేకపోయినా పని పనే, చూడటం, అడగటం, రాసుకోవటం వరకే.

ట్రాక్ మేనేజర్‌కి మూడు నాలుగు నెలల ముందు ఉత్తరం రాయండి, అర పేజీ దాటకూడదు. మీరెవరు, ఏ నేల మీద పని చేస్తున్నారు, ఏ రెండు విషయాలు చూడాలి, ఏ తేదీలు. కింద మీ రెండు నెలల పెనెట్రోమీటర్ పట్టిక జతచేయండి. ‘ఐ యామ్ ప్యాషనేట్’ అని పది లైన్లు రాసేకన్నా ఆ పట్టికే ఎక్కువ మాట్లాడుతుంది. డిసెంబరు మొదటి పక్షంలో అడగకండి, షాటిన్‌లో అంతర్జాతీయ రేసుల హడావుడి అప్పుడు. సీజన్ సెప్టెంబరు నుంచి జులై మధ్య దాకా.

అక్కడ చూడాల్సింది

రేసు రోజు కన్నా మర్నాడు ముఖ్యం. హ్యాపీ వ్యాలీలో రేసులు సాధారణంగా బుధవారం రాత్రి. మీ పాఠం గురువారం పొద్దున. లోపలికి అనుమతి రాకపోయినా నిరాశపడొద్దు. ట్రాక్ మధ్యలో ఉన్నది జనం ఆడుకునే మైదానమే, అక్కణ్ణుంచి రెయిల్ (ట్రాక్ లోపలి అంచు కంచె) దగ్గరి దాకా చూపు ఆనుతుంది.

పరుగులో గుర్రం ఒక్క కాలి మీద పడే బరువు దాని ఒంటి బరువుకి రెండున్నర రెట్ల దాకా పోతుంది. 500 కిలోల గుర్రమైతే పన్నెండు వందల కిలోలు పైమాటే, అదీ ఓ డెక్క మీద. గడ్డి పెళ్ల లేచిపోతుంది. ఆ డెక్క గుంట పూడ్చేవాళ్ల చేతుల్ని దగ్గరగా చూడండి. పెళ్ల పచ్చిగా, వేరుతో ఉంటే ఫోర్కుని గుంట అంచుకి రెండంగుళాల అవతల ఏటవాలుగా దింపి, అడుగు మట్టిని కొంచెం పైకి లేపి, పెళ్ల తిరిగి కూర్చోబెట్టి మడమతో నొక్కుతారు. అడుగు లేపకుండా పైన తొక్కితే గుంట కింద గట్టిపడి, అక్కడ వేరు దిగదు. పెళ్ల పోయిన చోట ఇసుక, మట్టి కలిపిన మిశ్రమం నింపుతారు. దాంట్లో మట్టి పాలు ఎంతో, విత్తనం ఉందో లేదో అడిగి రాసుకోండి. నేల మట్టానికి ఒక పిసరు ఎత్తుగా నింపాలి, నీళ్లు పడ్డాక దిగుతుంది. ఎక్కువ నింపితే దిబ్బ, తక్కువైతే గుంట, రెండూ తర్వాతి రేసులో కాలు మెలిపెడతాయి.

తర్వాత రెయిల్. లోపలి అంచు వెంటే అందరూ పరుగెత్తుతారు కాబట్టి అరుగుదల అంతా అక్కడే. అందుకే కదిలే రెయిల్‌ని ఎ, బి, సి, సి ప్లస్ 3 అనే స్థానాలకి జరుపుతుంటారు. ఏ వారం ఏది పెట్టారు, వదిలిన పట్టీ కోలుకోడానికి ఎన్ని రోజులిచ్చారు అన్నది మీ నోట్‌బుక్‌లో ఉండాలి. జపాన్ ట్రాకుల్లో 2020 నుంచి క్లెగ్ హామర్‌తో తీసిన కుషన్ విలువ కూడా ప్రకటిస్తున్నారు. ఆ హామర్ 2.25 కిలోలు, నేల దెబ్బని ఎంత తిరగ్గొడుతుందో చెప్తుంది. దిగుడు వేరు, తిరగ్గొట్టుడు వేరు. పైన మెత్తగా కింద రాయిలా ఉన్న నేలని పెనెట్రోమీటర్ ఒక్కటే పట్టుకోలేదు.

కోత ఎత్తు అడగండి. ట్రాకుల్లో సుమారు 100 మి.మీ. మామూలు. మన క్రికెట్ గ్రౌండు అలవాటుతో చూస్తే కోయడం మానేశారనిపిస్తుంది. ఆ పొడవే డెక్కకి దిండు. ఒక కోతలో మూడోవంతుకి మించి తీయరు, తీస్తే వేరు కుంచించుకుపోతుంది. నేలకి రంధ్రాలు చేసి గాలి ఆడించే యంత్రం ఏ లోతుకి దిగుతుందో, రేసుకి ఎన్ని రోజుల ముందు ఆపుతారో కూడా అడగండి.

ఒక్క మాట: ట్రాక్ ఎటువైపు మెత్తగా ఉందో మీకు తెలిసింది మీ దగ్గరే ఉంచుకోండి. పందెం కాసేవాళ్లు బీరు పోయించి మరీ అడుగుతారు. నోరు జారితే మళ్లీ గేటు దగ్గరికి రానివ్వరు.

గడ్డి కణుపులు, మట్టి, విత్తనం సంచిలో వేసుకు రాకండి. భారత్‌లోకి మొక్కల దిగుమతికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పర్మిట్, ఆ దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకి చీడపీడలు లేవనే పత్రం) ఉండాలి. బూట్లు అక్కడే కడిగి ఆరబెట్టుకోండి. ఆస్ట్రేలియా దిగేటప్పుడైతే బూట్ల మట్టి కూడా డిక్లేర్ చేయాలి.

తిరిగొచ్చాక

టిఫ్టన్ 419 మన దేశంలోనే గడ్డి నర్సరీల్లో దొరుకుతుంది. 10 మీటర్లకి 20 మీటర్లు మడి చాలు. జూన్ చివర, వాన పట్టాక నాటండి. రెండు మూడు కణుపులున్న ముక్కలు, వరుసల మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు, ముక్కలో మూడింట రెండొంతులు మట్టిలో. మూడు వారాలు పైపొర ఎండకూడదు. తుంగ కనిపించిన రోజే గడ్డతో సహా తవ్వి తీయండి, వదిలేస్తే గరికకన్నా ముందు అదే మడిని కమ్మేస్తుంది. పాతుకున్నాక నెలకి చదరపు మీటరుకి 3 గ్రాముల నత్రజని, అంటే యూరియా 6.5 గ్రాములు, మడి మొత్తానికి 1.3 కిలోలు. తడి ఆకు మీద చల్లొద్దు, చల్లిన వెంటనే నీళ్లు కట్టండి.

ఇసుక చల్లాలనుకుంటే గోపాల్‌పూర్ సముద్రపు ఇసుక జోలికి పోకండి. ఉప్పు ఒకటి, తవ్వడం నేరం ఇంకొకటి. అనుమతి ఉన్న రేవు నుంచి నది ఇసుక తెచ్చి, జల్లించి, ఒక విడతకి 3 మి.మీ. చల్లండి, ఈ మడికి 0.6 ఘనపు మీటర్లు. మొదట వాడిన రకాన్నే ప్రతిసారీ వాడాలి. ఒకసారి ముతక, ఒకసారి సన్నం వేస్తే లోపల పొరలు కట్టి నీరు మధ్యలో ఆగుతుంది, వేరు అక్కడే నిలిచిపోతుంది.

హాంకాంగ్‌లో చలికాలం ముందు గరిక మీద రై గ్రాస్ చల్లుతారు. దాన్ని కాపీ కొట్టకండి. కోస్తా వైపు మన గరిక చలికి మందగిస్తుంది గానీ పూర్తిగా పడుకోదు. చల్లిన రై మార్చి ఎండకి చచ్చి, కుళ్లి, గరిక చిగురుని అణుస్తుంది. కోరాపుట్ కొండల మీదైతే అది వేరే లెక్క.

దసరా నాటికి మడి మీద నెల రోజుల రీడింగులు చేతికొస్తాయి. వెళ్లకముందు తీసినవి, అక్కడ రాసుకున్నవి, ఇవి, మూడూ ఒకే పట్టికలో పెట్టండి. ఒక కాపీ మిమ్మల్ని లోపలికి రానిచ్చిన ట్రాక్ మేనేజర్‌కి, ఒకటి మీరు పని అడగబోయే రేసుకోర్సుకి.