ఆంజియో రిపోర్టు చదువుకుందాం – 5వ పాఠం: సున్నం గట్టిపడిన చోట

పోయిన వారం ఇచ్చిన పనికి ముందు జవాబు. "ప్రాక్సిమల్ ఎల్‌ఏడీ 80 శాతం, హెవీలీ కాల్సిఫైడ్" అని రాసివుంటే, గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళంలో, మొదట్లోనే, 80 శాతం దారి మూసుకుపోయిందని అర్థం. ఇంతవరకు చాలామంది చెప్పగలరు. పక్కనున్న "హెవీలీ కాల్సిఫైడ్", అంటే నాళం గోడలో సున్నం (కాల్షియం) బాగా పేరుకుందన్న మాట దగ్గరే తడబడతాం.

నేనూ తడబడ్డాను. మా బరంపురంలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, రిపోర్టేమో ఇంగ్లీషు. మా పెదనాన్నను విశాఖ తీసుకెళ్తూ రైల్లో ఆ ఫైలు తిరగేసి, "స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేస్తే సరిపోతుంది పెదనాన్నా" అని ధైర్యం చెప్పేశాను. అక్కడ డాక్టరు సీడీ చూసి, ముందు సున్నం సంగతి తేల్చాలన్నారు.

బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది కదా, నాళం గోడలో కాల్షియం పేరుకుంటే కూడా అంత గట్టిగా ఉంటుంది. మెత్తటి కొవ్వయితే నాళంలోకి పంపిన చిన్న బెలూన్ ఉబ్బి నొక్కితే అణుగుతుంది. ఇది అణగదు. సున్నాన్ని అలాగే వదిలి స్టెంట్ పెడితే అది పూర్తిగా విచ్చుకోదు. సరిగా విచ్చుకోని స్టెంట్‌లో మళ్ళీ పూడిక వచ్చే, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

ఓసీటీ అనే పరీక్షలో నాళం లోపలికి సన్నటి తీగలాంటి కెమెరా పంపి సున్నాన్ని కొలుస్తారు. ఆ రిపోర్టులో మూడు అంకెలు వెతకండి. ఆర్క్, అంటే నాళం చుట్టూ సున్నం ఎంత దూరం పట్టిందో, 180 డిగ్రీలు దాటితే 2 మార్కులు. మందం 0.5 మిల్లీమీటర్లు దాటితే 1. పొడవు 5 మిల్లీమీటర్లు దాటితే 1. నాలుగుకు నాలుగూ వస్తే స్టెంట్ సరిగా విచ్చుకోకపోవచ్చు, ముందు సున్నాన్ని చిట్లగొట్టడం మంచిదని సూచన. పరీక్షలో ఫుల్ మార్కులొస్తే సంతోషించని చోటు ఇదొక్కటే!

చిట్లగొట్టే పద్ధతుల్లో వజ్రపు పొడి అద్దిన, గిరగిరా తిరిగే చిన్న మొనతో (బర్) అరగదీసే రోటాబ్లేటర్ పాతది. షాక్‌వేవ్ కొత్తది. ఆ పేరు వినగానే పెదనాన్న, "కరెంటు షాకిస్తారా ఏంట్రా?" అని టెన్షన్ పడ్డాడు. కిడ్నీ రాళ్ళను పగలగొట్టే విద్యే ఇది. కిడ్నీ రాళ్ళకు మనుషుల మీద దాన్ని మొదట వాడింది 1980లో, మ్యూనిక్‌లో. ఇక్కడ బెలూన్‌ను ఇరుకైన చోటికి పంపి, నీళ్ళలాంటి ద్రవంతో 4 అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాకా ఉబ్బిస్తారు. లోపల చిన్న నిప్పురవ్వ మెరుస్తుంది, బుడగ పుట్టి విరుగుతుంది, ఆ తాకిడి అల మెత్తటి కండను దాటి సున్నాన్ని చీలుస్తుంది. సెకనుకొకటి చొప్పున పది తాకిళ్ళు, ఆ తర్వాత బెలూన్ దించి రక్తం పారనిస్తారు. మళ్ళీ పది. కొందరికి ఆ పది సెకన్లూ గుండె కూడా ఆ తాకిడి లయలోనే కొట్టుకుంటుంది, ఆపగానే మామూలవుతుంది.

సున్నం ఎక్కడికీ పోదు, గోడలోనే బీటలు వారి ఉంటుంది. అప్పుడు స్టెంట్ దానికి తగ్గట్టు విచ్చుకుంటుంది.

ఈ వారం పని: ఆర్క్ 200 డిగ్రీలు, మందం 0.4, పొడవు 7 మిల్లీమీటర్లు. మార్కులెన్ని? వేసి ఉంచండి. జవాబు వచ్చే పాఠంలో, ఎడమ నాళం నుంచి కుడి నాళానికి మారుతూ చూద్దాం.