పాత పెట్టెలో కొత్త తేనెటీగలు నిలవకపోతే: సమస్య - పరిష్కారం

పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడిమామిడి పూతకు ముందే పెట్టెలు సిద్ధం చేసుకోవాలని అటక మీది పాతవి దించుతున్నారా? ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది: వాటిలో ఉన్న ఈగలు ఎలా పోయాయి? తిండి లేక ఎగిరిపోయి ఉంటే చెక్కను శుభ్రం చేసి వాడుకోవచ్చు. ఈగ పిల్లలు కుళ్లి చచ్చినా, కారణమే తెలియకపోయినా పాత పట్లను, అంటే ఈగలు మైనంతో కట్టుకున్న గదుల అరలను మాత్రం కొత్త ఈగలకు ఇవ్వకండి. కట్టిన పట్టు చేతిలో ఉండగా పారేయడానికి మనసు రాదు. అయినా రోగం ఎక్కువగా దాగేది అక్కడే.

సమస్య: పెట్టిన రెండు మూడు రోజులకే ఈగలన్నీ లేచిపోయాయి.

కారణం సాధారణంగా వాసన. కలరా ఉండలు, కొత్త రంగు, ఎలుకల మూత్రం, నల్లబడిన పట్టు, వీటిలో ఏదైనా కావచ్చు. మన పుట్ట తేనెటీగ ఐరోపా ఈగలా సర్దుకుపోదు. నల్ల పట్టును కొరికి పారేస్తుంది, లేదా ఇల్లే వదిలేస్తుంది.

పెట్టె లోపల పాత మైనం, జిగురు గీకేయండి. చాకలి సోడా కలిపిన వేడినీటితో కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టండి. రంగు బయటి వైపే వేయాలి. ఈగలు పట్టు కట్టుకోవడానికి ఆధారంగా కొత్త మైనపు పలకలు అమర్చి, సాయంత్రం పూట పంచదార, నీరు సమపాళ్లలో కలిపిన పాకం పెట్టండి. బజారు తేనె వద్దు, దానితో రోగం రావచ్చు. ద్వారానికి రాణి గేటు (రాణి ఈగను బయటికి పోనివ్వని సన్న సందుల అడ్డు) బిగించి, గుడ్లు కనబడ్డాక తీసేయండి. రాణి ఇంకా జతకట్టనిదైతే గేటు పెట్టకూడదు, అది బయటికి ఎగిరి రావాలి.

సమస్య: పట్టులో సాలెగూడు లాంటి సొరంగాలు, నల్లని గింజల్లాంటి రెట్ట.

ఇది మైనపు పురుగు. పిల్లలు పెరిగిన పాత పట్టంటే దానికి మహా ఇష్టం. బాగా అల్లుకుపోయిన పట్టును కరిగించేయడమే మేలు. కొద్దిగా తగిలినదాన్ని సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. గంధకం పొగ పురుగును చంపుతుంది కాని గుడ్లను చంపదు. అందుకే రెండు వారాల తరువాత మళ్లీ పెట్టాలి. ఆ పొగ విషం. ఈగలు లేని పెట్టెలకే, ఆరుబయటే పెట్టండి.

సమస్య: పట్లు వంకరగా, చట్రాల (పట్టు కట్టే చెక్క ఫ్రేముల) మధ్య అడ్డంగా కడుతున్నాయి.

ఐరోపా ఈగల సామాను పుట్ట ఈగలకు ఇచ్చి ఉంటారు. పుట్ట ఈగ గది చిన్నది, పట్ల మధ్య సందు కూడా తక్కువే. దాని కొలతకు చేసిన చట్రాలు, పలకలు వాడండి.

తుపాను వానలకు తడిసి బూజు పట్టిన పెట్టె గురించి కంగారు అక్కర్లేదు. గీకి, ఎండబెడితే చాలు. చీమలు పడుతుంటే స్టాండు కాళ్లను నీటి గిన్నెల్లో ఉంచండి.

సమస్య: పిల్లలు చస్తున్నాయి.

ఇక్కడ తొందరపడకుండా చూడాలి. చచ్చిన పిల్ల తల పైకెత్తి, పట్టకారతో లాగితే నీటి సంచిలా వస్తే అది థాయ్ సంచి రోగం. 1991-92 నుంచి దక్షిణాదిలో పుట్ట ఈగల పెట్టెలను ఊడ్చిపెట్టిన వైరస్ ఇదే. మందు లేదు. పట్లన్నీ తీసేసి, పెట్టెను సోడా నీటితో కడిగి, చాలా రోజులు ఎండలో ఉంచాలి.

గది మూత కుంగి, చిల్లుపడి, అగ్గిపుల్లతో కదిపితే లోపలిది గోధుమరంగు తీగలా సాగితే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్‌ను (పిల్లలను కుళ్లబెట్టే బాక్టీరియా రోగం) అనుమానించండి. దాని బీజాలు చెక్కలో, పట్టులో దశాబ్దాల పాటు బతికే ఉంటాయి. వెంటనే కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. రోగం ఖాయమైతే గొయ్యి తీసి, పట్లు, చట్రాలు, పెట్టె కాల్చి మట్టి కప్పేయండి. ఎవరికీ అమ్మవద్దు, అరువు ఇవ్వవద్దు. పెట్టె తెరవడానికి వాడిన ఉలిని నిప్పులో కాల్చిన తరువాతే మరో పెట్టె తెరవండి.